నవంబరులో కాదు, ఆగస్టులోనే రా

ప్రశ్న: అక్కా, మాది రాజమండ్రి. మా ఆయన మెరైన్ ఇంజినీరు. నార్వేలో ఉల్స్‌టైన్‌విక్ అనే ఊళ్ళో ఓడల డిజైన్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఆగస్టులో చేరాలి. నేను బీకాం చేసి ఆరేళ్ళుగా ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. పాపకి ఈ అక్టోబరులో ఆరేళ్ళు నిండుతాయి. ఆయన ముందు వెళ్ళి ఇల్లూ అదీ చూసుకుంటే, దీపావళి అయ్యాక నవంబరులో నేనూ పాపా వెళ్దామనుకున్నాం. అత్తయ్యగారూ మామయ్యగారూ డిసెంబరులో వచ్చి మంచు, ఆకాశంలో ఆ రంగుల వెలుగులు చూడాలని ఆశపడుతున్నారు. కానీ యూట్యూబ్‌లో చూసేకొద్దీ నాకు టెన్షన్ పెరుగుతోంది. సూర్యుడే కనిపించడట, కొండ విరిగి నీళ్ళలో పడితే సునామీ వస్తుందట, పిల్లల్ని గట్టిగా కసిరితే ప్రభుత్వం తీసుకెళ్ళిపోతుందట. ఫోటోల్లో చూస్తే మాత్రం స్వర్గమే. వెళ్ళమంటారా? గ్రైండర్ తీసుకెళ్ళాలో వద్దో కూడా చెప్పండి. చెల్లెలనుకుని ఉన్నదున్నట్టు రాయండి.

సమాధానం: చెల్లెలనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. వెళ్ళు. కానీ మీరు వేసుకున్న ప్లాన్ మాత్రం పూర్తిగా తిరగెయ్యండి. నువ్వూ పాపా ఆయనతో పాటే ఆగస్టులో రండి. పెద్దవాళ్ళు ఈ డిసెంబరులో కాదు, వచ్చే జూన్‌లో రావాలి. కాగితాలు ఆలస్యమైతే సెప్టెంబరు అవనీ, ఫర్వాలేదు. మొట్టమొదటిసారి ఈ దేశంలో కాలు పెట్టడం మాత్రం నవంబరులో వద్దు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను సరిగ్గా నవంబరులోనే దిగాను, చంకలో రెండేళ్ళ బాబుతో. మీ ఊరికి దగ్గర్లో ఉన్న పట్టణం ఓలెసున్, దాని ఎయిర్‌పోర్టు విగ్రా అనే దీవి మీద ఉంటుంది, అక్కణ్ణుంచి టౌన్లోకి సముద్రం అడుగున తవ్విన సొరంగాల్లోంచి వస్తారు. మేం బయటపడేసరికి సాయంత్రం నాలుగున్నర, అప్పటికే కటిక చీకటి, వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతోంది, మా ఆయన తెచ్చిన గొడుగు పార్కింగ్ దాటకముందే వెనక్కి తిరిగి ఊచలు విరిగిపోయింది. ఆ చలికాలమంతా నాకు ఈ ఊరు ఎలా ఉంటుందో తెలీలేదు. నిజంగానే తెలీలేదు, ఎందుకంటే ఎదురుగా ఉన్న కొండలు మబ్బులో ఉండేవి. ఫిబ్రవరిలో ఒక పొద్దున మబ్బు విడిపోతే వంటింటి కిటికీలోంచి నీళ్ళకి అవతల మంచుకొండల వరస కనిపించింది, బాబుని ఎత్తుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మూడు నెలలుగా అవి అక్కడే ఉన్నాయి, నాకే కనపడలేదు.

ఆగస్టులో వస్తే ఆ కొండల్ని ముందు చూస్తావు. రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, పిల్లలు బయటే ఆడుతుంటారు, పక్కింటివాళ్ళు పెరట్లో కనిపిస్తారు, ఎవరి ఇల్లు ఏదో, లైబ్రరీ ఎక్కడో, బస్సు ఎక్కడాగుతుందో అన్నీ తెలుస్తాయి. తర్వాత చీకటి వచ్చినా అది నీకు తెలిసిన ఊరి మీదికే వస్తుంది. ఆ తేడా చిన్నది కాదు.

ఇక సూర్యుడి సంగతి. అసలు కనిపించకపోవడం అనేది ఉత్తరాన ట్రోమ్‌సో వైపు మాట. మీరు వెళ్ళే సున్‌మోర ప్రాంతంలో డిసెంబరు మూడో వారంలో కూడా పొద్దున పదింటి ప్రాంతంలో ఉదయించి మధ్యాహ్నం మూడింటికి అస్తమిస్తాడు. కాకపోతే ఇక్కడో మెలిక ఉంది, దాన్ని ఎవరూ ముందు చెప్పరు. చలికాలంలో సూర్యుడు చాలా కిందనుంచి పోతాడు, దక్షిణాన కొండ అడ్డుంటే ఆ ఇంటికి నెలల తరబడి ఎండ తగలదు. కొండ చాటు పల్లెల్లో సూర్యుడు మళ్ళీ తొంగి చూసిన రోజుని పండగలా చేసుకునేవాళ్ళున్నారు. కాబట్టి మీ ఆయనకి ఇప్పుడే చెప్పు: అద్దె ఇల్లు చూసేటప్పుడు ఎన్ని గదులు, ఎంత అద్దె అని అడిగాక, జనవరిలో ఈ ఇంటి మీద ఎండ పడుతుందా, ఎన్నింటికి పడుతుంది అని అడగాలి. అక్కడివాళ్ళకి ఈ ప్రశ్న వింతగా ఉండదు. మేం మొదట తీసుకున్నది కొండవాలు ఇంటి కింది భాగంలో, ఉత్తరం వైపు కిటికీలున్న ఫ్లాటు. అద్దె తక్కువని సంబరపడ్డాం. ఆ తక్కువ ఎందుకో చలికాలంలో అర్థమైంది.

ఆ ఇంటి విషయంలోనే ఇంకో దెబ్బ తిన్నాం, అదీ చెప్తాను. డిపాజిట్ డబ్బు ఓనరు తన సొంత ఖాతాలో వెయ్యమన్నాడు, వేశాం. ఖాళీ చేసేటప్పుడు గోడలకి నూనె మరకలని చెప్పి సగం కోసేశాడు. ఇక్కడి చట్టం ప్రకారం డిపాజిట్ కోసం బ్యాంకులో అద్దెదారు పేరు మీద వేరే ఖాతా తెరవాలి, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అందులోంచి ఎవరూ తియ్యలేరు. ఆ ఖాతా వద్దు, నాకే పంపండి అనే ఓనరు ఎంత మంచిగా మాట్లాడినా ఆ ఇల్లు వద్దు.

చీకటికి మందు మూడు రకాలు. ఒకటి, మధ్యాహ్నం పన్నెండు గంటలకి వానలోనైనా సరే అరగంట బయట నడవడం. రెండు, డి విటమిన్. ఇక్కడివాళ్ళు కాడ్ చేప కాలేయం నూనె చెంచాతో తాగుతారు, దాన్ని త్రాన్ అంటారు, పేరులో ఆర్ అక్షరం ఉన్న నెలలన్నిటిలో, అంటే సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా తాగాలని పాతకాలపు లెక్క. మన ఒంటి రంగుకి ఈ ఎండ ఇంకా చాలదు, కాబట్టి డాక్టరుతో చెప్పి పరీక్ష చేయించుకుని మొదలుపెట్టు. చేప నూనె పడకపోతే మాత్రలున్నాయి. మూడోది బట్టలు. హైదరాబాదులో కొనే లావుపాటి జాకెట్లు ఇక్కడి వానకి పనికిరావు. ఒంటికి అంటిపెట్టుకునే ఉన్ని లోదుస్తులు, పైన నీళ్ళు దిగని ప్యాంటూ కోటూ, అంతే. వచ్చాకే కొనుక్కోండి. పాప కోటుకీ నీ బ్యాగుకీ రిఫ్లెక్టర్ పట్టీలు తగిలించు, కారు లైటు పడితే మెరిసేవి. చీకట్లో రోడ్డు పక్కన నడిచే మనిషి డ్రైవరుకి కనపడేది వాటి వల్లే. రోడ్డు గడ్డకట్టిన రోజుల్లో బూట్ల కింద తొడుక్కునే ముళ్ళ పట్టీలు కూడా దొరుకుతాయి. నేను అవి లేకుండా ఒకసారి చెత్తడబ్బా దాకా వెళ్ళి మణికట్టు విరగ్గొట్టుకున్నాను.

పాప విషయానికొస్తే, ఆగస్టులో రమ్మనడానికి అసలు కారణం అదే. నార్వేలో ఆరేళ్ళు నిండే సంవత్సరంలోనే, ఆగస్టులో ఒకటో తరగతి మొదలవుతుంది, నిండేది అక్టోబరులోనా డిసెంబరులోనా అని చూడరు. అంటే మీ పాప ఈ ఆగస్టులోనే బడికి వెళ్ళాలి. మొదటి రోజు పిల్లలందరూ కొత్తే, అందరూ బెదిరిపోయే ఉంటారు, ఆ గుంపులో భాష రాని పిల్ల కూడా కలిసిపోతుంది. నవంబరులో చేరితే అప్పటికే జట్లు కట్టేసుకుని ఉంటారు. మార్కులు ఎనిమిదో తరగతి దాకా ఉండవు, అది చూసి కంగారుపడకు. వానలో కూడా బయటికి పంపి ఆడిస్తారు, బురదలో మునిగి వస్తుంది, దానికీ కంగారుపడకు. మధ్యాహ్నానికి ఇంటి నుంచి చల్లటి భోజనం పట్టుకెళ్ళాలి, వేడిచేసి పెట్టరు. మిగతా పిల్లలు బ్రెడ్డు ముక్కలు తెచ్చుకుంటారు. చల్లగా తిన్నా రుచి చెడనిది మన దద్దోజనమే. మా వాడు నాలుగేళ్ళు అదే పట్టుకెళ్ళాడు. పెరుగు తోడెయ్యడానికి ఇబ్బందిపడొద్దు, షాపులో కుల్టూర్‌మెల్క్ అని అమ్ముతారు, చిక్కటి మజ్జిగ లాంటిది, అన్నంలో కలిపితే తేడా తెలీదు.

పిల్లల్ని తీసుకెళ్ళిపోవడం గురించి. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2011లో స్టావాంగెర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలోని పిల్లల్ని ప్రభుత్వం వాళ్ళు తీసుకెళ్ళారు, 2012 చివర్లో ఓస్లోలో ఒక తెలుగు దంపతులకి కొడుకుని హింసించారని కోర్టు జైలుశిక్ష వేసింది, రెండూ మన పేపర్లలో మారుమోగాయి. ఎవరి తప్పెంత అనే వాదనలోకి నేను వెళ్ళను. నువ్వు తెలుసుకోవలసింది ఒకటే. ఈ దేశంలో 1987 నుంచి, కన్న తల్లిదండ్రులైనా సరే పిల్లల మీద చెయ్యెత్తడం చట్టం ఒప్పుకోదు. లెంపకాయ, తొడపాశం, చీపురు చూపించడం, చీకటి గదిలో పెడతానని బెదిరించడం, ఏదీ కుదరదు. మన ఇళ్ళల్లో మామూలుగా జరిగిపోయేవే ఇవి, అందుకే ఇక్కడికి వచ్చాక మానేద్దాం అనుకోకుండా ఇవాళ్టి నుంచే మానెయ్యి. పెద్దవాళ్ళు వచ్చేటప్పుడు వాళ్ళకీ మెల్లగా చెప్పు. చేత్తో తినిపించడం, పక్కలో పడుకోబెట్టుకోవడం గురించి పిల్లల ఆరోగ్యం చూసే హెల్త్ స్టేషన్‌లో నర్సుకి నేనే ముందు చెప్పేశాను, మా ఇళ్ళల్లో ఇలా చేస్తాం అని, ఆవిడ రాసుకుని సరే అంది. దాచకు. టీచరు ఏదైనా అడిగితే తడబడుతూ తలూపకు, భాష అర్థం కాకపోతే దుబాసీ కావాలని అడుగు, స్కూలు వాళ్ళు ఏర్పాటు చేస్తారు. మీటింగులకి నువ్వూ మీ ఆయనా ఇద్దరూ వెళ్ళండి, ఇక్కడ తండ్రి రాకపోతే అదే వాళ్ళకి ఆశ్చర్యం.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది, భాష. ఆఫీసులో మీ ఆయనకి ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, షాపులో నీకూ జరిగిపోతుంది, అందరికీ ఇంగ్లీషు వచ్చు, అదే మన కొంప ముంచుతుంది. ఏడాది గడిచిపోతుంది, నార్వేజియన్‌లో ఒక్క ముక్క రాదు. అకౌంట్స్ పని అంటావా, లెక్కలు ఎక్కడైనా లెక్కలే కానీ రసీదులు, పన్నుల ఉత్తరాలు, వ్యాట్ నియమాలు అన్నీ నార్వేజియన్‌లో ఉంటాయి, భాష లేకుండా ఆ కుర్చీలో ఎవరూ కూచోబెట్టరు. నీకొచ్చే నివాస పర్మిట్ మీద నువ్వు ఉద్యోగం చేసుకోవచ్చు, ఆ హక్కు ఉంటుంది, అయినా మొదటి ఏడాది జీతం గురించి కాక భాష గురించే ఆలోచించు. ఉద్యోగం మీద వచ్చిన మనలాంటి కుటుంబాలకి కోర్సు ఉచితంగా రాకపోవచ్చు, ఆ ఫీజుని బడ్జెట్‌లో అద్దె పక్కనే రాసుకో, కారు తర్వాత కొనుక్కోవచ్చు. లైబ్రరీల్లో మాటల కాఫీ లాంటిది పెడుతుంటారు, కాఫీ తాగుతూ తప్పులతోనైనా మాట్లాడించే కూటం, డబ్బు అక్కర్లేదు. అక్కడికి వెళ్ళు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. నార్వేజియన్‌కి రాతలో రెండు రూపాలున్నాయి, బూక్‌మోల్ అనీ నీనొస్క్ అనీ. ఫోన్ యాప్‌లు, ఎక్కువ కోర్సులు బూక్‌మోల్ నేర్పుతాయి. ఉల్స్‌టైన్‌విక్ వైపు బళ్ళలో నడిచేది నీనొస్క్, జనం నోట నడిచేది ఆ ఊరి యాస. పుస్తకం చదివి తెలుగు నేర్చుకున్నవాడు తిన్నగా శ్రీకాకుళం సంతలో దిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొదట్లో నాకు ఏడుపొచ్చింది, ఆర్నెల్లు నేర్చుకున్నది బస్సు డ్రైవరు నోట్లో ఒక్క మాట కూడా వినపడలేదు. కంగారుపడకు, నువ్వు మాట్లాడేది వాళ్ళకి అర్థమవుతుంది, నీ చెవి మెల్లగా తిరుగుతుంది. పాప నీకంటే ముందు యాస పట్టేస్తుంది, అప్పుడు దాన్నే అడుగు.

మనుషులు ముభావంగా ఉంటారని చాలామంది చెప్తారు. బస్సులో పక్కన కూచోరు, మెట్ల మీద ఎదురైతే తలొంచుకుని పోతారు, నిజమే. కానీ దాని వెనక ఏముందో నాకు తెలిసింది ఒక శనివారం. ఏప్రిల్లో వీధిలో అందరి పోస్టు డబ్బాల్లో ఒక కాగితం వేశారు, దానిమీద దుగ్నాద్ అని ఉంది. అంటే శ్రమదానం, మన మాట దానికి సరిగ్గా సరిపోతుంది. చలికాలంలో రోడ్డు మీద చల్లిన కంకర ఊడ్చడం, పిల్లల ఉయ్యాలలకి రంగు వెయ్యడం, ఆకులు ఎత్తడం, వీధివాళ్ళంతా కలిసి చేసుకుంటారు. నేను వెళ్ళాలా వద్దా అని తటపటాయించి, చివరికి ఒక స్టీలు గిన్నెలో ఉల్లిపాయ పకోడీ వేసుకుని వెళ్ళాను. ఐదు నెలలుగా నాతో ఒక్క మాట మాట్లాడని పక్కింటి పెద్దావిడ తన చేతి తొడుగులు తీసి నాకిచ్చి, గడ్డి దువ్వే పళ్ళ కర్ర చేతిలో పెట్టి, ఇలా పట్టుకో అని చూపించింది. పదకొండింటికి కాఫీ, వాఫుల్స్ వచ్చాయి, పకోడీ గిన్నె ఖాళీ అయింది, ఆవిడ దాని పేరేమిటని మూడుసార్లు అడిగి పలికించుకుంది. ఆ మర్నాటి నుంచి మెట్ల మీద నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది, ఇప్పుడు మా ఇంటి రెండో తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. కాబట్టి ఆ కాగితం పడిన రోజు ఎంత పనున్నా వెళ్ళు. వీళ్ళు ఖాళీగా కూచుని పరిచయం చేసుకోలేరు, చేతిలో పని ఉంటే చేసుకుంటారు.

ఊరి గురించి కాస్త చెప్తాను. ఉల్స్‌టైన్‌విక్ ఒక దీవి మీద ఉంది. ఓలెసున్ వెళ్ళాలంటే హారైడ్ దాకా వెళ్ళి అక్కడ కారుతో సహా ఫెర్రీ ఎక్కి అవతల సూలెసున్‌లో దిగాలి, ఫెర్రీ పాతిక నిమిషాలు, మొత్తం గంట పైనే. గాలి మరీ ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు. డాక్టరు అపాయింట్‌మెంటు, విమానం, పాప స్నేహితురాలి పుట్టినరోజు, అన్నీ ఆ టైంటేబుల్ చుట్టూ తిరుగుతాయి, కొన్నాళ్ళకి ఆఖరి ఫెర్రీ ఎన్నింటికో నిద్రలో లేపి అడిగినా చెప్తావు. అయితే ఇంకో దారి కూడా ఉంది. 2008లో ఐక్‌సున్ సొరంగం తెరిచారు, సముద్రమట్టానికి 287 మీటర్ల కిందనుంచి పోతుంది, దాంతో వోల్డా వైపు రోడ్డున వెళ్ళిపోవచ్చు, అక్కడ ఆసుపత్రి ఉంది. కాబట్టి తుఫాను రాత్రి పాపకి జ్వరం వస్తే ఎలా అని నిద్ర పాడుచేసుకోకు. అంబులెన్సుకి 113, అంత ప్రమాదం కాని అర్ధరాత్రి జ్వరాలకి 116117, ఈ రెండూ ఫ్రిజ్ మీద రాసి పెట్టు. ఫెర్రీ ఎక్కినప్పుడు మాత్రం స్వేలె తిను. తియ్యటి దిబ్బరొట్టెకీ అట్టుకీ మధ్యలో ఉంటుంది, మందంగా, మెత్తగా, వెన్నా పంచదారా రాసి సగానికి మడిచి చేతిలో పెడతారు, ఈ జిల్లా ఫెర్రీలకి అది గుర్తింపు లాంటిది. గుడ్డు ఉంటుంది, అత్తయ్యగారు తినకపోతే ముందే చెప్పు.

మన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టాక మూడు నెలలే చెల్లుతుంది, మార్చి ఇవ్వరు, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని పరీక్ష రాయాలి. జారే రోడ్డు మీద నడపడం, చీకట్లో నడపడం కూడా నేర్పుతారు, చీకటి పాఠం చలికాలంలోనే ఉంటుంది కాబట్టి ఆ సీజన్ వదులుకోకండి. ఖర్చు చాలా ఎక్కువ. మీ ఆయన ఒక్కడే కాదు, నువ్వు కూడా నేర్చుకో. బస్సు గంటకో రెండు గంటలకో ఒకటి ఉన్న చోట లైసెన్సు లేని ఆడది ఇంట్లో బందీ అయిపోతుంది, నేను మూడేళ్ళు అయ్యాను.

కొండ విరిగిపడటం కట్టుకథ కాదు. 1934 ఏప్రిల్ 7 రాత్రి టాఫియోర్డ్‌లో కొండచరియ నీళ్ళలో పడి, లేచిన అలకి 40 మంది పోయారు. ఇప్పుడు అందరూ చెప్పుకునేది ఓక్నేసె అనే కొండ, ఏటా కొన్ని సెంటీమీటర్లు కిందికి జరుగుతోంది. అందుకే దానిమీద పరికరాలు పెట్టి రాత్రీ పగలూ కనిపెడుతున్నారు, కదలిక పెరిగితే ముందుగానే ఊళ్ళు ఖాళీ చేయిస్తారు. అల వస్తే ఎక్కువ దెబ్బ తగిలేది లోపల ఉన్న హెల్లెసిల్ట్, గైరాంగెర్ లాంటి ఊళ్ళకి. మీరుండేది బయటి సముద్రం వైపు. నీ రోజువారీ జాగ్రత్త వేరే ఉంది. ఫియోర్డ్ అంటే హిమనదం చెక్కిన లోయలోకి సముద్రం వచ్చి నిండింది, గోదావరి రేవులా మెల్లగా లోతు పెరగదు, ఒడ్డు దాటగానే అగాధం. నాచు పట్టిన రాళ్ళు సబ్బులా జారుతాయి, నీళ్ళు వేసవిలో కూడా ఒళ్ళు కొయ్యబారేంత చల్లగా ఉంటాయి. గోదావరి చూసి పెరిగినవాళ్ళకి నీళ్ళు కనిపిస్తే దిగి కాళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది, మామయ్యగారికి ఈ మాట ఫోటో తియ్యకముందే చెప్పాలి. చిన్న పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తొడుక్కోవడం ఇక్కడ చట్టం.

పెద్దవాళ్ళ ప్రయాణం. డిసెంబరులో వాళ్ళు చూడాలనుకున్న రెండూ ఇక్కడ కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చదనం వల్ల ఈ తీరంలో చలికాలం సున్నాకి అటూ ఇటూ ఊగుతుంది, మంచు పడుతుంది, రెండ్రోజుల్లో వాన కడిగేస్తుంది. ఆకాశంలో వెలుగులు అప్పుడప్పుడు ఇక్కడా వస్తాయి కానీ మబ్బు వదలదు, వాటి కోసమే అయితే ట్రోమ్‌సో వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న మనుషుల్ని గడ్డకట్టిన మెట్ల మీద నడిపించి, మూడింటికే చీకటిపడే ఇంట్లో కూచోబెడితే పది రోజుల్లో ఇంటికెళ్ళిపోతామంటారు. జూన్‌లో అయితే రాత్రి పదకొండింటికి కూడా వెలుతురే, పడుకోవడానికి నల్లటి కర్టెన్లు కావాలి. పై కొండల్లో మంచు కరుగుతూ ఉంటుంది కాబట్టి జలపాతాలు నిండుగా ఉంటాయి, ఆగస్టు చివరికి సన్నబడిపోతాయి. వీలుంటే మే 17కి ముందే రప్పించు, జాతీయ దినం, 1814 రాజ్యాంగం పండగ, ఉన్ని దుస్తుల సంప్రదాయ వేషాలతో ఊరంతా రోడ్డు మీద ఉంటుంది, పిల్లలదే ఊరేగింపు, మనవరాలు జెండా పట్టుకుని బడి పిల్లలతో నడుస్తుంటే చూడటం వాళ్ళకి ఏ జలపాతం కంటే కూడా ఎక్కువే. చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద ఆర్నెల్లలో 90 రోజుల దాకా ఉండొచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, చలికాలంలోనే కాగితాలు మొదలుపెట్టు.

ఎక్కడెక్కడికో పరుగులు పెట్టించకు. ఓలెసున్‌లో ఒక రోజు చాలు, కానీ నిదానంగా. 1904 జనవరి 23 రాత్రి ఆ ఊరు గాలివానలో తగలబడిపోయింది, దాదాపు పదివేల మంది కట్టుబట్టలతో మిగిలారు, పోయిన ప్రాణం ఒక్కటే. మూడేళ్ళలో ఇటుకా రాయితో మళ్ళీ కట్టారు, గోడల మీద తీగలు, ముఖాలు, బురుజులు, అంతా ఒకే కాలం, ఒకే తీరు. తలెత్తి చూస్తూ నడవాలి. ఆక్‌స్లా కొండ మీదనుంచి ఊరు మొత్తం కనిపిస్తుంది, 418 మెట్లు, మోకాళ్ళకి అక్కర్లేదు, కారు పైదాకా వెళ్తుంది. గైరాంగెర్‌కి మాత్రం పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చెయ్యకండి. 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఫియోర్డ్ అది, వేసవిలో క్రూయిజ్ ఓడలు ఆగి ఆ చిన్న పల్లె జాతరలా అయిపోతుంది. హెల్లెసిల్ట్‌లో కారుతో ఫెర్రీ ఎక్కండి, గంట ప్రయాణం, ఏడుగురు అక్కచెల్లెళ్ళు అనే జలపాతం పక్కనుంచే పోతుంది, రాత్రికి గైరాంగెర్‌లో ఉండండి. ఓడలు వెళ్ళిపోయాక సాయంత్రం నీటి చప్పుడు తప్ప ఏమీ ఉండదు, మా నాన్నగారు ఆ రాత్రి ఒడ్డున బెంచీ మీద కూచుని లేవనన్నారు. పులిహోర కట్టుకెళ్ళండి, బెంచీలు ప్రతిచోటా ఉంటాయి, హోటల్లో శాకాహారం కోసం వెతుక్కునే బాధ తప్పుతుంది. ట్రోల్‌స్టిగెన్ మెలికల రోడ్డు చలికాలమంతా మూసే ఉంటుంది, 2024లో రాళ్ళు పడి వేసవిలో కూడా మూసేశారు, దాన్ని నమ్ముకుని ప్లాన్ వెయ్యకుండా బయల్దేరే రోజు తెరిచుందో లేదో చూసుకోండి. రుండె దీవిలో పఫిన్ పక్షులు ఏప్రిల్ నుంచి జూలై దాకా ఉంటాయి, కొండ ఎక్కడం పెద్దవాళ్ళ వల్ల కాదు, పడవ మీద చుట్టూ తిప్పేవాళ్ళున్నారు.

చేపలు తింటారా నువ్వు రాయలేదు. తింటే అదృష్టవంతులు. సముద్రంలో గాలం వెయ్యడానికి ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు, వేసవి సాయంత్రాల్లో మాకెరెల్ వస్తుంది, మన కానాగడతలకి దగ్గరి చుట్టం, పులుసు పెడితే ఇల్లంతా కాకినాడ వాసనే. కరివేపాకు ఓలెసున్ ఏషియన్ షాపుల్లో దొరికిన రోజు దొరుకుతుంది, నీడన ఆరబెట్టిన ఆకు ఒక డబ్బా తెచ్చుకో. ఆగస్టులో కొండవాలుల్లో బ్లూబెర్రీలు ఎవరైనా కోసుకోవచ్చు, వచ్చిన మొదటి ఆదివారమే పాపని తీసుకుని వెళ్ళు.

ఇక గ్రైండర్. తెచ్చుకో. కరెంటు మనలాగే 230 వోల్టులు, కాలిపోదు. రాళ్ళు విడదీసి చెకిన్ పెట్టెలో దుప్పట్ల మధ్య చుట్టిపెట్టు, మిగతా సామాను బరువు దాన్నిబట్టి చూసుకో, బట్టలు ఎలాగూ ఇక్కడే కొనాలి. పిండి పులవడానికి రాత్రంతా ఓవెన్‌లో లైటు ఒక్కటి వేసి లోపల పెట్టు, ఓవెన్ ఆన్ చెయ్యకు, పొద్దున్నకి పొంగుతుంది. ఇక్కడ బాత్రూం నేలలు కింద వైర్లతో వెచ్చగా ఉంటాయి, కొందరు గిన్నె అక్కడ పెడతారు, నాకు మనసొప్పలేదు. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి గోడకి పట్టదు, ఎర్త్ ఉన్న అడాప్టర్ రెండు అక్కడే కొని తెచ్చుకో. శనివారం రాత్రి దిగితే ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి.